బల్ల మీద మిగ్ విమానం

మిగ్-21 యుద్ధవిమానం పొడవు 14.7 మీటర్లు. మీ బడిలో రెండు తరగతి గదులను ఒకదాని వెనుక ఒకటి చేర్చితే ఎంత ఉంటాయో దాదాపు అంత. ఎడమ రెక్క కొస నుంచి కుడి రెక్క కొస వరకు 7.15 మీటర్లు. ఎత్తు 4.1 మీటర్లు. ఇంతటి యంత్రాన్ని మీరు చదువుకునే బల్ల మీద నిలబెట్టాలంటే ఏం చేయాలి?

ఉపాయం చాలా సులభం. ప్రతి కొలతనూ ఒకే సంఖ్యతో భాగించాలి. 72తో భాగించారనుకోండి. పొడవు 20.4 సెంటీమీటర్లు, రెక్కల వెడల్పు 9.9 సెంటీమీటర్లు, ఎత్తు 5.7 సెంటీమీటర్లు అవుతుంది. మీ నోటు పుస్తకం మీద హాయిగా నిలబడుతుంది. ఇలా అన్ని కొలతలనూ ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసిన బొమ్మను స్కేలు నమూనా అంటారు. అంగట్లో దొరికే ఆటబొమ్మకూ దీనికీ తేడా ఇదే. ఆటబొమ్మలో ముక్కు లావుగా, రెక్క పొట్టిగా ఉన్నా ఎవరూ అడగరు. నమూనాలో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా అడుగుతారు.

ప్రపంచంలో చాలా దేశాల్లో పెద్దలూ పిల్లలూ ఈ నమూనాలు కట్టడాన్ని ఒక విద్యగా అభ్యసిస్తారు. పదిమంది ఒకచోట చేరి, ఒకరి పనిని ఒకరు పరీక్షించుకుంటారు. బ్రిటన్‌లో 1963లో ఇలాంటివారు ఒక సంఘమే పెట్టుకున్నారు. తరువాత అది అనేక దేశాలకు పాకింది. వారు ఎక్కువ ఇష్టంగా కట్టే వాటిలో సోవియట్ కాలపు విమానాలు ఒక పెద్ద వర్గం. వాటితో మన దేశానికి దగ్గరి సంబంధం ఉంది కాబట్టి, ఆ నమూనాల్లో దాగిన విజ్ఞానం ఏమిటో ఈసారి చూద్దాం.

పెట్టెలో ఏముంటుంది?

నమూనా కిట్టు ఒక అట్టపెట్టెలో వస్తుంది. మూత తీస్తే విమానం కనిపించదు. కిటికీ చట్రాల వంటి ప్లాస్టిక్ చట్రాలు నాలుగైదు కనిపిస్తాయి. వాటికి సన్నని కాడలతో అంటుకుని, చెట్టుకు కాయల్లాగా, చిన్న చిన్న ముక్కలుంటాయి. ప్రతి ముక్కకూ ఒక అంకె. ఏ ముక్క తరువాత ఏ ముక్క పెట్టాలో చూపే బొమ్మల కాగితం ఒకటి ఉంటుంది. గుర్తులూ అంకెలూ అచ్చువేసిన మరో కాగితం ఉంటుంది. దాన్ని నీళ్ళలో ముంచితే అడుగునున్న జిగురు కరిగి, గుర్తు పలుచని పొరలాగా జారి విమానం మీదికి చేరుతుంది.

ఈ ప్లాస్టిక్ పేరు పాలీస్టైరీన్. దాన్ని వేడిచేసి కరిగించి, ఉక్కు అచ్చుల్లోకి గట్టి ఒత్తిడితో పంపి ముక్కలు తీస్తారు. దీన్ని అతికించే జిగురు కూడా వింతైనదే. మన ఇళ్ళలో వాడే మైదా జిగురు రెండు కాగితాల మధ్య తాను ఎండి పట్టుకుంటుంది. నమూనాల జిగురు అలా కాదు. అది పాలీస్టైరీన్‌నే కొద్దిగా కరిగిస్తుంది. కరిగిన రెండు అంచులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తరువాత ద్రావకం ఆవిరైపోతుంది. మిగిలేది ఒకే ముక్క. ఇనుముకు వెల్డింగు ఎలాగో దీనికిది అలాగన్నమాట. ఈ ఆవిరి పీల్చకూడదు. తలుపులూ కిటికీలూ తెరిచి, దీపానికీ పొయ్యికీ దూరంగా, పెద్దల సమక్షంలోనే వాడాలి.

ప్లాస్టిక్ కిట్లు మొదట బ్రిటన్‌లో 1936లో ఫ్రాగ్ అనే సంస్థ అమ్మింది. 1970లలో ఆ సంస్థ అచ్చుల్లో చాలా భాగం సోవియట్ యూనియన్‌కు చేరి, అక్కడ నోవో అనే పేరుతో కిట్లు తయారయ్యాయి. ఆనాటి తూర్పు జర్మనీలోనూ చెకోస్లొవేకియాలోనూ సోవియట్ విమానాల కిట్లు చేసేవారు.

72 అనే సంఖ్య ఎక్కడిది?

100తో భాగిస్తే లెక్క సులువు గదా, 72 ఎందుకు? అడుగులూ అంగుళాలూ వాడిన దేశాల్లో పుట్టిన అలవాటిది. ఒక అడుగుకు 12 అంగుళాలు. ఆరడుగులకు 72 అంగుళాలు. కాబట్టి ఆరడుగుల మనిషి ఈ స్కేలులో సరిగ్గా ఒక అంగుళం మనిషి అవుతాడు. 48వ వంతు స్కేలులో నాలుగడుగులకు ఒక అంగుళం. 144వ వంతు స్కేలులో పన్నెండడుగులకు ఒక అంగుళం. తూర్పు జర్మనీవారు తమ ప్రయాణికుల విమానాల కిట్లను మీటర్ల లెక్కకు అనువుగా 100వ వంతు స్కేలులో చేశారు.

ఇప్పుడు ఒక ప్రయోగం. 72వ వంతు మిగ్ నమూనాను స్నేహితుని చేతికిచ్చి 10 మీటర్ల దూరంలో నిలబెట్టండి. ఒక కన్ను మూసి చూడండి. 720 మీటర్ల దూరంలో నిజమైన మిగ్ ఎంత కనిపిస్తుందో మీకు ఇప్పుడు సరిగ్గా అంతే కనిపిస్తున్నది. ఎందుకంటే కంటి దగ్గర ఏర్పడే కోణం రెండు సందర్భాల్లోనూ ఒకటే. మీ లెక్కల పుస్తకంలోని సరూప త్రిభుజాలు ఇవే.

ఈ చిన్న సూత్రాన్ని నమ్ముకుని 1942లో అమెరికా నౌకాదళం దేశంలోని బడిపిల్లలను ఒక పని అడిగింది. 72వ వంతు స్కేలులో ఐదు లక్షల చెక్క విమానాలు చేసి ఇవ్వమన్నది. యాభై రకాల విమానాలు, ఒక్కో రకం పదివేలు. వాటికి నల్లరంగు వేయమన్నది. ఆకాశంలో వస్తున్నది మన విమానమా, శత్రువుదా అని ఆకారాన్ని బట్టే క్షణంలో పోల్చుకోవడం సైనికులకు నేర్పడానికి అవి కావాలి. నమూనా తప్పుగా ఉంటే, నేర్చుకున్నవాడు తనవాళ్ళనే కాల్చే ప్రమాదం ఉంది. అందుకే ఆ పిల్లల పనిని అచ్చుగీతలతో సరిచూసిన తరువాతనే తీసుకునేవారు.

పొడవు తగ్గితే బరువు ఎంత తగ్గుతుంది?

నమూనాలో పొడవు 72వ వంతు. మరి రెక్క వైశాల్యం? పొడవూ తగ్గింది, వెడల్పూ తగ్గింది. కాబట్టి 72ను 72తో గుణించాలి. 5,184వ వంతు. ఘనపరిమాణానికి మరొకసారి గుణించాలి. 3,73,248వ వంతు!

ఆయుధాలూ ఇంధనమూ ఉన్న మిగ్-21 బరువు సుమారు 8,700 కిలోలు. అదే పదార్థాలతో, అదే వివరాలతో, 72వ వంతు విమానాన్ని నిజంగా చేయగలిగితే దాని బరువు సుమారు 23 గ్రాములు మాత్రమే. కానీ అలా చేయడం సాధ్యం కాదు. కిట్టులోని ప్లాస్టిక్ గోడ మందం ఒక మిల్లీమీటరు అనుకుందాం. 72తో గుణిస్తే 7.2 సెంటీమీటర్లు. నిజం విమానానికి అంత మందపు తొడుగు ఉంటే అది నేల వదలదు. అలాగే విమానం రేకుల మీది ఐదు మిల్లీమీటర్ల రివెట్టు తల నమూనాలో 0.07 మిల్లీమీటరు కావాలి. అది మన తలవెంట్రుక మందం. అందుకే నేర్పరులు రివెట్లను ఎంత తేలికగా చూపితే అంత నిజమని వాదిస్తారు. అన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించడం కాగితం మీద సులువు. పదార్థం మాత్రం ఆ లెక్కకు లొంగదు.

కోణమానినితో మిగ్‌ను చూడండి

మిగ్-21ను పైనుంచి చూస్తే రెక్క త్రిభుజంలాగా, కొసలు కొద్దిగా కత్తిరించినట్లు ఉంటుంది. నమూనా దొరికితే కోణమాని పెట్టి కొలవండి. రెక్క ముందంచు, దేహానికి లంబంగా ఉండే గీత నుంచి 57 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. ఈ వాలు అందం కోసం పెట్టినది కాదు.

దున్నిన చేనులో నడిచి చూడండి. నాగటి చాళ్ళకు అడ్డంగా నడిస్తే గట్టు వెంట గట్టు కాలికి తగులుతుంది. ఏటవాలుగా నడిస్తే ఎత్తుపల్లాలు మెల్లగా వస్తాయి. గాలికీ అంతే. రెక్క వాలుగా ఉంటే, అంచుకు లంబంగా తగిలే గాలి వేగం తగ్గుతుంది. పదవ తరగతివారు త్రికోణమితి పట్టిక తీసి 57 డిగ్రీల కొసైను చూడండి. 0.54 అని ఉంటుంది. అంటే విమానం నూరు పాళ్ళ వేగంతో పోతుంటే అంచుకు నేరుగా తగిలేది 54 పాళ్ళే. మిగ్-21 చాలా ఎత్తున శబ్దవేగానికి రెట్టింపు వేగంతో పోగలిగింది. దానికి ఈ వాలు రెక్క ఒక ముఖ్య కారణం.

ముక్కు దగ్గర ఉన్న శంకువును కూడా చూడండి. విమానం నోరు తెరిచి గాలిని మింగుతున్నట్లు ఉంటుంది, ఆ నోట్లో శంకువు. శబ్దాన్ని మించిన వేగంతో గాలి నేరుగా ఇంజనులోకి దూసుకుపోతే ఇంజను పని చేయలేదు. శంకువు ఆ గాలిని ముందే అడ్డుకుని, వేగం తగ్గించి, ఒత్తిడి పెంచి లోపలికి పంపుతుంది. వేగం మారేకొద్దీ శంకువు ముందుకూ వెనక్కూ జరుగుతుంది.

వేగానికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. రెక్కల వైశాల్యం 23 చదరపు మీటర్లే. ఒక్కొక్క చదరపు మీటరూ సుమారు 380 కిలోల బరువు మోయాలి. వేగం తగ్గితే ఇంత చిన్న రెక్క ఆ బరువును మోయలేదు. కాబట్టి దిగేటప్పుడు కూడా గంటకు 300 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దిగవలసి వచ్చేది. కొత్త పైలట్లకు ఇది కఠినమైన పరీక్ష. ప్రమాదాలకు ఇంజను లోపాలు, పక్షులు తగలడం వంటి కారణాలు ఇంకా ఉన్నాయి. 2012లో అప్పటి రక్షణమంత్రి ఎ.కె. ఆంటోని పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం మన దేశం తీసుకున్న 872 మిగ్ విమానాల్లో 482 ప్రమాదాల పాలయ్యాయి. 171 మంది పైలట్లు చనిపోయారు. బల్ల మీది బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా, ఈ అంకెలు దానితోపాటు గుర్తుండాలి.

దేశం కట్టిన పెద్ద కిట్టు

మిగ్-21 మన వైమానిక దళంలో 1963లో చేరింది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో దానికి వీడ్కోలు చెప్పారు. 62 సంవత్సరాలు! హైదరాబాదులో చదువుకున్న రాకేశ్ శర్మ 1971 యుద్ధంలో నడిపినది ఈ విమానమే. ఆ తరువాత 1984లో ఆయన సోవియట్ వ్యోమనౌకలో అంతరిక్షానికి వెళ్ళారు.

మొదటి మిగ్‌లు సోవియట్ యూనియన్ నుంచి తయారైన రూపంలోనే వచ్చాయి. తరువాత హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థ వాటిని ఇక్కడే కట్టడం మొదలుపెట్టింది. పనిని మూడు చోట్లకు పంచారు. దేహమూ రెక్కలూ మహారాష్ట్రలోని నాసిక్‌లో. ఇంజన్లు ఒడిశాలోని కోరాపుట్‌లో. విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలు మన హైదరాబాదులో.

ఎలా కట్టారో గమనించండి. మొదటి మెట్టులో పెద్ద పెద్ద భాగాలు పెట్టెల్లో వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. రెండో మెట్టులో ఇంకా చిన్న చిన్న విడిభాగాలుగా వచ్చేవి, వాటిని ఇక్కడ కూర్చేవారు. మూడో మెట్టులో లోహాన్నే తెప్పించుకుని, భాగాలను ఇక్కడే కోసి, మలిచి, చేసేవారు. 1980ల దాకా సాగిన ఈ పనిలో 600కు పైగా మిగ్-21లు మన దేశంలోనే తయారయ్యాయి. బిగించడం, కూర్చడం, చేయడం. నమూనాలు కట్టేవారు ఎక్కే మెట్లు కూడా ఇవే. పెట్టెలోని ముక్కలు అతికించినంత మాత్రాన పని పూర్తయిందనుకునేవారు మొదటి మెట్టు మీదే ఉంటారు.

విశాఖ తీరాన ఉన్న కొలబద్ద

నమూనా కట్టేవారికి అసలు విమానాన్ని దగ్గరగా చూడడం కంటే పెద్ద పాఠం లేదు. మన రాష్ట్రంలో అలాంటి చోటు విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ఉంది. అక్కడ నిలిపిన టుపొలెవ్-142 విమానాన్ని 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రదర్శనశాలగా ప్రారంభించారు. సముద్రంలో దాగిన జలాంతర్గాములను వెతకడం దీని పని. 1988 నుంచి 2017 దాకా, 29 ఏళ్ళు మన నౌకాదళంలో పనిచేసింది. పొడవు 53 మీటర్లు, రెక్కల వెడల్పు 50 మీటర్లు. 72వ వంతు నమూనా కట్టినా రెక్కలు 69 సెంటీమీటర్లు ఉంటాయి. మీ బల్ల చాలకపోవచ్చు!

బీచికి వెళ్ళినప్పుడు దాని పంకాలను చూడండి. నాలుగు ఇంజన్లు, కానీ ఎనిమిది పంకాలు. ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటిగా రెండు. ముందుది ఒకవైపు తిరిగితే వెనుకది ఎదురువైపు తిరుగుతుంది. ఎందుకు? ఒకే పంకా తిరిగితే గాలిని వెనక్కి నెట్టడమే కాక, సుడి తిప్పుతుంది కూడా. సుడి తిప్పడానికి పెట్టిన శక్తి వృథా. వెనుక పంకా ఆ సుడిని ఎదురు తిప్పి సరిచేసి, ఆ శక్తిలో కొంత రాబడుతుంది. పైగా పంకా ఒకవైపు తిరిగితే విమానాన్ని రెండోవైపు తిప్పాలని చూస్తుంది. రెండు పంకాలు ఎదురెదురు తిరిగితే ఆ మెలి రద్దవుతుంది. న్యూటను మూడో సూత్రమే ఇది.

కాబట్టి ముందు పంకా రేకుల వంపు ఒక దిక్కుకూ, వెనుక పంకా రేకుల వంపు రెండో దిక్కుకూ ఉండాలి. నమూనా కట్టేటప్పుడు ఈ రెండూ తారుమారు కావడం చాలా సులభం. కారణం తెలిసినవాడు అంకె చూడకుండానే ఏ ముక్క ఎక్కడిదో చెప్పగలడు.

అసలు లేని విమానానికి నమూనా

సోవియట్ యూనియన్ తన విమానాల వివరాలను రహస్యంగా ఉంచేది. బయటి దేశాల నమూనాకారులకు మసక ఫొటోలే ఆధారం. 1976 సెప్టెంబరులో ఒక సోవియట్ పైలట్ మిగ్-25 విమానంతో జపానులోని హకొదాతెలో దిగాడు. అది తేలికైన టైటానియంతో చేసినదై ఉంటుందని చాలామంది ఊహించారు. విప్పి చూస్తే ఎక్కువ భాగం ఉక్కు! పైరూపం ఫొటోలో దొరికింది. లోపలి పదార్థం దొరకలేదు.

1987లో టెస్టర్స్ అనే అమెరికా సంస్థ ఇంకొక అడుగు ముందుకు వేసింది. రాడారుకు చిక్కని సోవియట్ విమానమంటూ మిగ్-37 కిట్టును అమ్మింది. అలాంటి విమానం ఏనాడూ లేదు. అంతా ఊహ. మరుసటి సంవత్సరం అమెరికాయే తన రహస్య విమానం ఎఫ్-117 బొమ్మను బయటపెట్టింది. పలకలు పలకలుగా ఉన్న దాని దేహం ఆ ఊహాచిత్రాన్ని కొంత పోలి ఉంది! అయినా ఊహ ఊహే. ముక్కలు చక్కగా అతికినంత మాత్రాన, రంగు మెరిసినంత మాత్రాన నమూనా నిజమైపోదు. ఏ నమూనా చూసినా ఒక ప్రశ్న వేయండి: ఈ కొలత ఎక్కడిది?

జొన్నదంటుతో మిగ్-21

మా విడపనకల్లులో ఇలాంటి కిట్లు అమ్మే అంగడి లేదు. తెప్పించుకుంటే వెల వందల నుంచి వేలల్లోకి పోతుంది. ఈ మెట్టనేలలో, వాన రాని ఏడు, ఆ డబ్బు ఒక ఇంటికి ఎన్నో రోజుల సరుకు. అందుకని మీరు ఆగిపోనక్కర లేదు. మూడో మెట్టు నుంచే మొదలుపెట్టండి. ముక్కలు మీరే చేయండి. జొన్నదంటు బండ్లు చేసిన చేతులకు ఇది కొత్త కాదు.

కావలసినవి: బాగా ఎండిన జొన్నదంట్లు, పాత అట్టపెట్టెలు, పాత వార్తాపత్రికలు, చింతగింజల పిండితో కాచిన జిగురు, 30 సెంటీమీటర్ల స్కేలు, కోణమాని, కత్తెర. స్కేలు 50వ వంతుగా తీసుకోండి. అప్పుడు ఒక మీటరుకు సరిగ్గా రెండు సెంటీమీటర్లు. లెక్క నోటితోనే వస్తుంది. పొడవు 29.4 సెంటీమీటర్లు, రెక్కల వెడల్పు 14.3, ఎత్తు 8.2.

వార్తాపత్రికను జిగురు రాస్తూ గట్టిగా చుట్టి దేహం చేయండి. అట్ట మీద 57 డిగ్రీల వాలుతో రెక్క గీసి, అదే ముక్కను తిప్పిపెట్టి రెండో రెక్క గీయండి. అప్పుడు రెండూ సమానంగా వస్తాయి. కాగితం వృత్తంలో ఒక ముక్క కోసి చుడితే ముక్కులోని శంకువు వస్తుంది. చక్రాల కాళ్ళకు జొన్నదంటు పేళ్ళు, చక్రాలకు బెండు బిళ్ళలు. దంటు పేడు అంచు కత్తిలాగా కోస్తుంది, జాగ్రత్త. రంగు తెల్లవారుజామున వేయండి. పొద్దెక్కి గాలి లేస్తే మన నల్లరేగడి దుమ్మంతా తడి రంగు మీదే వాలుతుంది.

ఒక్కరే చేయకండి. నలుగురు కలవండి. ఒకరు కొలతలు లెక్కవేయాలి. ఒకరు కోయాలి. ఒకరు అతికించాలి. నాలుగోవాడు తనిఖీ చేయాలి. కోసినవాడే తనిఖీ చేయకూడదు. తన తప్పు తన కంటికి ఆనదు. ప్రతి కొలతనూ మూడుసార్లు కొలిచి సగటు తీయండి. రెండు రెక్కలకూ ఒక మిల్లీమీటరు తేడా వచ్చిందనుకోండి. 50తో గుణించండి. నిజం విమానంలో అది ఐదు సెంటీమీటర్ల తేడా! ఒక రెక్క ఐదు సెంటీమీటర్లు పొట్టిగా ఉన్న విమానాన్ని ఏ కర్మాగారమూ బయటికి పంపదు. మీరూ పంపకండి. ఇంకొకటి కోయండి. అట్టకు కొదవ లేదు.

పని పూర్తయ్యాక ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పండి.

1. మీ 50వ వంతు మిగ్‌ను ఎంత దూరంలో పెడితే కిలోమీటరు దూరంలోని నిజం మిగ్‌లాగా కనిపిస్తుంది?

2. విశాఖలోని టుపొలెవ్ విమానానికి 144వ వంతు నమూనా కడితే రెక్కల వెడల్పు ఎంత?

3. మిగ్-21 బరువు 8,700 కిలోలు అనుకుంటే, అదే పదార్థాలతో చేసిన 50వ వంతు మిగ్ బరువు ఎంత ఉండాలి?

జవాబులు: 1. 20 మీటర్లు. 2. 34.7 సెంటీమీటర్లు. 3. సుమారు 70 గ్రాములు.

మూడో జవాబు రాసి ఊరుకోకండి. మీ నమూనాను కిరాణా అంగడి త్రాసులో పెట్టి తూచండి. 70 గ్రాముల కంటే ఎక్కువ తూగిందా, తక్కువ తూగిందా? ఎందుకు? అట్ట మందం, కాగితం సాంద్రత, దేహం లోపలి ఖాళీ, ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకుని మీ నలుగురూ వాదించుకోండి. అంగడిలోని త్రాసు మీ వాదన తీరుస్తుంది.